వెలుగు బాటసారి – మాక్స్ డెల్‌బ్రూక్

తెల్లవారగానే తామర విచ్చుకొంటుంది. కిటికీ పక్కన ఉంచిన మొక్క వెలుతురు వచ్చే దిక్కుకే తల వంచుతుంది. మన ప్రాచీన కవులు ఈ అనుబంధాన్ని స్నేహంగా భావించి సూర్యునికి కమలాప్తుడని, పద్మబాంధవుడని పేర్లు పెట్టారు. కవి అనుభూతి అక్కడ పరిపూర్ణమవుతుంది. శాస్త్రజ్ఞుని ప్రశ్న సరిగ్గా అక్కడే మొదలవుతుంది. కన్ను లేని జీవి వెలుగును ఎట్లా గుర్తిస్తుంది? గుర్తించిన తరువాత దాని దేహంలో ఏ మార్పు జరుగుతుంది? ఈ ప్రశ్నను తన జీవితపు ఉత్తరార్ధమంతా మోసిన మహనీయుడు మాక్స్ డెల్‌బ్రూక్.

ప్రతి జీవకణంలోనూ వేలకొలదిగా జన్యువులు ఉంటాయి. అవన్నీ ఎల్లవేళలా పనిచేయవు. అవసరమైనప్పుడు కొన్ని మేల్కొంటాయి; అవసరం తీరగానే నిద్రిస్తాయి. జన్యువు మేల్కొని తనలోని సమాచారాన్ని ప్రోటీన్‌గా వెలువరించడాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. దీపపు మీటను నొక్కినట్లు, వెలుగును ప్రసరింపజేసి కోరిన జన్యువును మేల్కొలిపే విద్య నేడు ప్రయోగశాలల్లో ఉన్నది. ఈ విద్యకు డెల్‌బ్రూక్ నిర్మాత కాడు. కాని దానికి మూలమైన ప్రశ్నను పట్టుదలతో వెంబడించిన తొలితరం పరిశోధకులలో ఆయన అగ్రగణ్యుడు. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం తెలియకుండానే ఆయన కన్నుమూశాడు.

మాక్స్ డెల్‌బ్రూక్ 1906 సెప్టెంబరు 4వ తేదీన జర్మనీలోని బెర్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి హాన్స్ డెల్‌బ్రూక్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యుడు. యుద్ధకళా చరిత్రను రచించి కీర్తి గడించినవాడు. తల్లి లీనా సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త లీబిగ్‌కు మనుమరాలు. ఏడుగురు సంతానంలో మాక్స్ కడసారివాడు. వారు నివసించిన గ్రూనెవాల్డ్ ప్రాంతం పండితులకు కాణాచి. క్వాంటం సిద్ధాంతానికి ఆద్యుడైన మాక్స్ ప్లాంక్, వేదాంత పండితుడు హార్నాక్, వైద్యాచార్యుడు బోన్‌హోఫర్ కుటుంబాలు ఆ చుట్టుపక్కలే ఉండేవి. ఇంటా బయటా అందరూ తనకంటె పెద్దలు, ప్రతిభావంతులు. అటువంటి పరిసరాలలో తనకంటూ ఒక స్థానం కోసం ఆ బాలుడు ఆకాశంవైపు చూశాడు. ఖగోళశాస్త్రాన్ని తన సొంత విద్యగా ఎన్నుకొన్నాడు. బాల్యంలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆకలి, చలి, తరువాత అంతులేని ధరల పెరుగుదల ఆ సంపన్న కుటుంబాన్ని కూడా విడిచిపెట్టలేదు.

ఉన్నత విద్య కోసం డెల్‌బ్రూక్ గాటింగెన్ విశ్వవిద్యాలయానికి చేరుకొన్నాడు. అప్పుడక్కడ క్వాంటం సిద్ధాంతం రూపుదిద్దుకొంటున్నది. ఆ నూతన విజ్ఞానం ఆయనను ఖగోళశాస్త్రం నుండి సైద్ధాంతిక భౌతికశాస్త్రం వైపు మళ్లించింది. 1930లో డాక్టరేట్ పట్టాన్ని పొందాడు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో కొంతకాలం పనిచేసిన తరువాత, రాక్‌ఫెల్లర్ సంస్థ ఇచ్చిన ఉపకార వేతనంతో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ వద్ద, స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో పౌలీ వద్ద పరిశోధన సాగించాడు. గురువులు ఎందరున్నా బోర్ ప్రభావమే ఆయన జీవిత గమనాన్ని నిర్దేశించింది.

1932 ఆగస్టు 15న కోపెన్‌హాగెన్‌లో కాంతి చికిత్సకు సంబంధించిన అంతర్జాతీయ సభ జరిగింది. అందులో బోర్ వెలుగును, జీవాన్ని గురించి ప్రసంగించాడు. వెలుగు ఒక ప్రయోగంలో తరంగంగా, మరొక ప్రయోగంలో కణంగా కనిపిస్తుంది. ఈ రెండు రూపాలు ఒకదానికొకటి విరుద్ధాలు. అయినా వెలుగును సమగ్రంగా తెలుసుకోవడానికి రెండూ కావాలి. జీవం విషయంలో కూడా ఇటువంటి వైరుధ్యమే ఉండవచ్చునని బోర్ ఊహించాడు. జీవి దేహంలోని ప్రతి పరమాణువునూ పరీక్షించబోతే ఆ జీవి బ్రతికి ఉండదు. కనుక జీవాన్ని కేవలం రసాయన చర్యలుగా విడదీసి వివరించడం సాధ్యం కాకపోవచ్చునని ఆయన అభిప్రాయపడ్డాడు. సభలో కూర్చొని వింటున్న యువకుడైన డెల్‌బ్రూక్ హృదయంలో ఈ మాటలు నాటుకొన్నాయి. భౌతికశాస్త్రానికి ఇంతవరకు తెలియని నియమమేదో జీవరాశిలో దాగి ఉంటే, దానిని వెతికి పట్టుకోవాలని ఆయన సంకల్పించాడు. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు.

ఆ సంకల్పంతోనే ఆయన బెర్లిన్‌కు తిరిగివచ్చి ప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త లీజె మైట్నర్ వద్ద సహాయకుడుగా చేరాడు. గామా కిరణాలు పరమాణు కేంద్రకపు విద్యుత్ క్షేత్రం వద్ద చెదిరిపోవడాన్ని గురించి అక్కడ ఆయన చేసిన ఊహ నేటికీ డెల్‌బ్రూక్ పరిక్షేపణం అనే పేరుతో ప్రసిద్ధం. పగలు భౌతికశాస్త్రంలో కృషి చేస్తున్నా ఆయన మనసు జీవశాస్త్రంపైనే ఉండేది. భౌతికశాస్త్రజ్ఞులూ జీవశాస్త్రజ్ఞులూ కొందరు తల్లిగారి ఇంట సమావేశమై చర్చించుకొనేవారు. ఆ చర్చల ఫలితంగా రష్యన్ జన్యుశాస్త్రజ్ఞుడు టిమొఫేయెఫ్ రెసోవ్‌స్కీ, భౌతికశాస్త్రజ్ఞుడు జిమ్మర్‌లతో కలిసి ఆయన 1935లో ఒక పరిశోధన పత్రాన్ని ప్రకటించాడు. ఎక్స్ కిరణాలు కూడా కంటికి కనిపించని ఒక విధమైన వెలుగే. అవి సోకినప్పుడు ఈగలలో కలిగే ఉత్పరివర్తనాలను లెక్కించి, జన్యువు అనేది పరమాణువులతో నిర్మితమైన ఒక స్థిరమైన అణువు అని ఆ ముగ్గురూ ప్రతిపాదించారు. జన్యువు అంటే ఏమిటో ఎవరికీ స్పష్టంగా తెలియని కాలమది. ఆ పత్రాన్ని చదివినవారు తక్కువ. అయితే 1944లో భౌతికశాస్త్రజ్ఞుడు ష్రోడింగర్ జీవం అంటే ఏమిటి అని ప్రశ్నిస్తూ రచించిన చిన్న గ్రంథంలో దానిని విపులంగా వివరించాడు. తత్ఫలితంగా ఎందరో యువ శాస్త్రజ్ఞుల దృష్టి జన్యువుపై పడింది.

ఇంతలో జర్మనీ ముఖచిత్రం మారిపోయింది. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. విశ్వవిద్యాలయంలో బోధించదలచినవారు నాజీ ప్రభుత్వం నడిపే శిక్షణ శిబిరాలకు హాజరై తమ విధేయతను నిరూపించుకోవలసి వచ్చేది. డెల్‌బ్రూక్ ఆ శిబిరాలకు వెళ్లాడు. కాని తన అభిప్రాయాలను దాచుకోలేకపోయాడు. రాజకీయంగా ఇంకా పరిపక్వత రాలేదని అధికారులు ఆయనను తిరస్కరించారు. స్వదేశంలో అధ్యాపక వృత్తికి ద్వారాలు మూసుకొన్నాయి. 1937లో రాక్‌ఫెల్లర్ సంస్థ రెండవ ఉపకార వేతనం ఇవ్వగా ఆయన అమెరికాకు ప్రయాణమయ్యాడు. ఆయన యూదుడు కాడు. తప్పనిసరిగా దేశం విడిచిపోవలసినవాడు కాడు. అయినా స్వేచ్ఛ లేనిచోట విజ్ఞానం వర్ధిల్లదని గ్రహించాడు. జర్మనీలో ఉండిపోయిన ఆయన బంధువులు నాజీలను ఎదిరించి భారీ మూల్యం చెల్లించారు. అక్క ఎమ్మీ భర్త క్లౌస్ బోన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్‌లో కాల్చి చంపారు. క్లౌస్ సోదరుడు, ప్రముఖ క్రైస్తవ తత్త్వవేత్త డీట్రిచ్‌ను అదే నెలలో ఉరితీశారు. నాజీల చెరనుండి బయటపడిన అన్న యూస్టస్ యుద్ధానంతరం సోవియట్ సైన్యపు నిర్బంధంలో మరణించాడు. ప్రయోగశాలలో ఎంతటి విజయం లభించినా ఈ వియోగం ఆయనకు తీరని లోటే.

అమెరికాలో డెల్‌బ్రూక్ కాలిఫోర్నియా రాష్ట్రం పాసడీనాలోని కాల్‌టెక్ సంస్థలో చేరాడు. ఈగలపై పరిశోధించి జన్యుశాస్త్రానికి పునాది వేసిన మోర్గాన్ అక్కడే ఉన్నాడు. అయితే ఈగల జన్యుశాస్త్రం అప్పటికే ఎంతో విస్తరించింది. దానిని ఆకళింపు చేసుకోవడం భౌతికశాస్త్రం నుండి వచ్చిన కొత్తవానికి దుర్భరంగా తోచింది. భౌతికశాస్త్రంలో హైడ్రోజన్ పరమాణువు వలె, జీవశాస్త్రంలో అత్యంత సరళమైన వస్తువు ఏదని ఆయన వెతికాడు. ఆ భవనంలోనే ఎమరీ ఎల్లిస్ అనే శాస్త్రజ్ఞుడు బాక్టీరియోఫేజ్‌పై కృషి చేస్తున్నాడు. బాక్టీరియాలను ఆశ్రయించి వాటిని నశింపజేసే వైరస్ ఇది. గాజుపళ్లెంలో దట్టంగా పెరిగిన బాక్టీరియాల పొరపై ఒక్కొక్క వైరస్ ఒక్కొక్క గుండ్రని ఖాళీ మచ్చను ఏర్పరుస్తుంది. మచ్చలను లెక్కిస్తే వైరస్‌లను లెక్కించినట్లే. కంటికి కనిపించని దానిని ఇంత తేలికగా లెక్కించవచ్చునని తెలిసి డెల్‌బ్రూక్ పరవశించాడు. 1939లో వీరిద్దరూ కలిసి ప్రకటించిన పరిశోధన పత్రం ఫేజ్ వృద్ధి చెందే తీరును స్పష్టం చేసింది. ఫేజ్ బాక్టీరియాలో ప్రవేశించిన తరువాత కొంతసేపు నిశ్శబ్దం. సుమారు అర్ధగంట గడవగానే ఆ కణం పగిలి పదులకొలది కొత్త ఫేజ్‌లు ఒక్కసారిగా వెలువడుతాయి.

రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైన సమయానికి ఆయన ఉపకార వేతనం ముగిసింది. 1940లో టెనెసీ రాష్ట్రంలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర బోధకుడుగా ఉద్యోగం లభించింది. ఆ సంవత్సరాంతంలో జరిగిన ఒక శాస్త్ర సభలో ఇటలీ నుండి వలసవచ్చిన సాల్వడార్ లూరియాతో ఆయనకు పరిచయమైంది. ఇద్దరూ అమెరికాతో యుద్ధం చేస్తున్న దేశాలలో పుట్టినవారు. అందువలన యుద్ధ పరిశోధనలకు వారిని ఎవరూ పిలవలేదు. ఆ తీరికే విజ్ఞానశాస్త్రానికి వరమైంది. 1941లో డెల్‌బ్రూక్ మేరీ బ్రూస్‌ను వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు.

ఆనాటి జీవశాస్త్రజ్ఞులను ఒక సమస్య వేధిస్తుండేది. ఫేజ్ దాడిచేసినప్పుడు బాక్టీరియాలలో దాదాపు అన్నీ చనిపోతాయి. ఏవో కొన్ని మాత్రం తట్టుకొని నిలుస్తాయి. ఆ నిరోధక శక్తి ఫేజ్ సోకినందువలన కలిగినదా? లేక అంతకుముందే యాదృచ్ఛికంగా జరిగిన ఉత్పరివర్తనం వలన వచ్చినదా? విందు సభలో నాణేల జూద యంత్రాన్ని చూస్తుండగా లూరియాకు ఒక ఉపాయం తట్టింది. చాలాసార్లు ఏమీ రాల్చని ఆ యంత్రం ఎప్పుడో ఒకసారి గుప్పెడు నాణేలను కుమ్మరిస్తుంది. బాక్టీరియాలను ఎన్నో వేర్వేరు గొట్టాలలో పెంచి ఒక్కొక్కదానిని ఫేజ్‌తో పరీక్షిస్తే సమాధానం దొరుకుతుంది. నిరోధక శక్తి ఫేజ్ స్పర్శ వలన కలిగితే అన్ని గొట్టాలలోనూ ఇంచుమించు ఒకే సంఖ్య కనిపించాలి. ముందే జరిగిన మార్పు అయితే, అది తొలి తరాలలో జరిగిన గొట్టంలో నిరోధక కణాలు విస్తారంగాను, మిగిలిన వాటిలో స్వల్పంగాను ఉండాలి. ప్రయోగంలో సంఖ్యలు విపరీతంగా మారాయి. ఆ మార్పులకు గణిత సూత్రాలను డెల్‌బ్రూక్ నిర్మించాడు. ఉత్పరివర్తనాలు అవసరాన్నిబట్టి కాక యాదృచ్ఛికంగా జరుగుతాయని 1943లో వీరు నిరూపించారు. బాక్టీరియాలకు కూడా జన్యువులు ఉన్నాయని, వాటిని గణితంతో పరిశీలించవచ్చునని లోకానికి తెలిసింది.

ఆల్‌ఫ్రెడ్ హెర్షీ కూడా వీరితో జతకూడాడు. న్యూయార్క్ సమీపంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో 1945 నుండి ప్రతి వేసవిలోనూ ఫేజ్ పాఠక్రమం నడిచింది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలకు చెందిన యువకులు అక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చొన్నారు. 1947లో జార్జి బీడిల్ ఆహ్వానంపై డెల్‌బ్రూక్ ఆచార్యుడుగా కాల్‌టెక్‌కు తిరిగి వచ్చాడు. నాయకత్వంలో ఆయన పద్ధతి విలక్షణమైనది. ఎవరైనా అస్పష్టంగా ప్రసంగిస్తే సభలోనే నిర్మొహమాటంగా ఆక్షేపించేవాడు. ఎంతటి వాదాన్నయినా రుజువు లేనిదే నమ్మేవాడు కాడు. ఆయన విమర్శకు నిలిచినది ఎక్కడైనా నిలుస్తుందని శిష్యులు విశ్వసించేవారు. అదే గురువు వారాంతాలలో శిష్యులను వెంటబెట్టుకొని ఎడారిలో గుడారాలు వేసి, నక్షత్రాల కింద నిద్రించేవాడు. కాఠిన్యం అభిప్రాయాలపట్లనే గాని మనుషులపట్ల కాదు.

1953 మార్చిలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుండి జేమ్స్ వాట్సన్ ఆయనకు ఒక లేఖ రాశాడు. వాట్సన్ లూరియా శిష్యుడు. ఫేజ్ బృందంలో పెరిగినవాడు. తానూ క్రిక్ కలిసి కనుగొన్న డి.ఎన్.ఏ. జంట పెనల నిర్మాణాన్ని ఆ లేఖలో వివరించాడు. దాని ప్రాముఖ్యాన్ని డెల్‌బ్రూక్ వెంటనే గుర్తించాడు. అయితే ఆ ఆనందం వెనుక ఒక ఓటమి కూడా ఉన్నది. జన్యువు తనను తాను ఎట్లా నకలు చేసుకొంటుందనే రహస్యంలో కొత్త భౌతిక నియమం ఏదో బయటపడుతుందని ఆయన ఇరవై సంవత్సరాలుగా ఆశించాడు. తీరా చూస్తే అక్కడ వైరుధ్యం ఏదీ లేదు. సామాన్యమైన రసాయన బంధాలే ఆ అద్భుతాన్ని నిర్వహిస్తున్నాయి. తన ఊహ తప్పని తేలినప్పుడు ఆయన వాదానికి దిగలేదు; సత్యాన్ని స్వీకరించాడు. తప్పుడు ఊహ అయినా నిజాయితీగా వెంబడిస్తే సత్యం వద్దకు చేరుస్తుందనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

ఆ ఘట్టంలో ఎవరైనా ఏం చేస్తారు? తాను నాటిన చెట్టు ఫలిస్తున్నప్పుడు దాని నీడన విశ్రమిస్తారు. డెల్‌బ్రూక్ అందుకు భిన్నంగా వ్యవహరించాడు. జన్యువుల అధ్యయనానికి చేతులు చాలినంతమంది వచ్చారని భావించి, ఎవరూ పట్టించుకోని ఒక బూజును చేపట్టాడు. దాని పేరు ఫైకోమైసిస్. రొట్టెపై పెరిగే బూజు వంటిదే ఇది. దీనినుండి సన్నని కాడ ఒకటి నిటారుగా పైకి లేస్తుంది. దాని కొనపై సిద్ధబీజాలతో నిండిన చిన్న గోళం ఉంటుంది. వెంట్రుకవలె సన్నగా ఉండే ఆ కాడ 10 సెంటీమీటర్లకు మించి పెరగగలదు. అంత పొడవూ ఒకే కణం. గంటకు సుమారు 3 మిల్లీమీటర్లు ఎదుగుతుంది. దానికి కన్ను లేదు, నాడి లేదు. అయినా వెలుగు ఎటునుంచి వస్తే అటు వంగుతుంది. గాలి వీచినా, పక్కన అడ్డంకి ఉన్నా గుర్తిస్తుంది. ఇంద్రియజ్ఞానానికి ఇంతకంటె సరళమైన ఉదాహరణ దొరకదని ఆయన తలచాడు. ఫేజ్‌తో వారసత్వ రహస్యం తెలిసినట్లే, ఈ బూజుతో చూపు అనే దాని మూలరహస్యం తెలుస్తుందని ఆశించాడు.

ఆ బూజు ఎన్నో వింతలను చూపింది. పారదర్శకమైన కాడ కుంభాకార కటకంవలె పనిచేసి పక్కనుంచి వచ్చే కాంతిని అవతలి అంచుపై కేంద్రీకరిస్తుంది. ఆ అంచు వేగంగా పెరగడంచేత కాడ వెలుగువైపు ఒరుగుతుంది. మసక వెలుతురు మొదలుకొని ప్రచండమైన ఎండవరకు, వెయ్యి కోట్ల రెట్ల తేడా గల కాంతి తీవ్రతలకు అది స్పందించగలదు. చీకటి గదిలోకి వెళ్లిన మన కన్ను కాసేపటికి అలవాటు పడినట్లే అదికూడా తన పరిసరాల వెలుతురుకు సర్దుకొంటుంది. చీకటిలో పాలిపోయినట్లుండే ఆ బూజు వెలుగు సోకగానే పసుపు వర్ణపు బీటా కెరోటిన్‌ను అధికంగా తయారుచేసుకొంటుంది. అంటే వెలుగు దాని ఎదుగుదలనే కాక, దాని లోపలి తయారీ వ్యవస్థను కూడా కదిలిస్తున్నదన్నమాట.

అయితే వెలుగును మొదట అందుకొనే పదార్థం ఏది? బూజులో విస్తారంగా ఉన్న బీటా కెరోటిన్ కావచ్చునని కొందరు అన్నారు. రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ కుటుంబానికి చెందిన ఫ్లేవిన్ కావచ్చునని మరికొందరు వాదించారు. డెల్‌బ్రూక్, ఆయన సహచరులు బీటా కెరోటిన్ బొత్తిగా లేని ఉత్పరివర్తిత బూజులను పరీక్షించారు. అవి కూడా వెలుగువైపు వంగాయి. 1976, 1977 సంవత్సరాలలో ప్రకటించిన పత్రాలలో ఈ బృందం ఫ్లేవిన్ వైపే మొగ్గుచూపింది. వెలుగుకు సరిగా స్పందించని ఉత్పరివర్తితాలకు, మాక్స్ డెల్‌బ్రూక్ పేరులోని అక్షరాలను కలిపి మాడ్ అని పేరు పెట్టారు. ఆంగ్లంలో ఆ మాటకు పిచ్చి అని అర్థం. గౌరవమూ పరిహాసమూ కలగలిసిన ఆ పేరు ఆ బృందపు చమత్కార ధోరణికి తగినట్లే ఉన్నది. కాని ఆ ఉత్పరివర్తితాలలో చెడిపోయిన జన్యువును వేరుచేసి చదివే సాధనాలు ఆ కాలంలో ఇంకా అందుబాటులోకి రాలేదు.

ఈ మధ్యకాలంలో ఆయన స్వదేశానికి కూడా సేవచేశాడు. యుద్ధంతో శిథిలమైన జర్మనీలో నూతన జీవశాస్త్రాన్ని నెలకొల్పడానికి కొలోన్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర సంస్థను తీర్చిదిద్దాడు. 1962 జూన్‌లో దాని ప్రారంభోత్సవానికి నీల్స్ బోర్‌ను ఆహ్వానించాడు. ముప్పై సంవత్సరాల కిందట తన జీవితాన్ని మలుపుతిప్పిన అంశంపైనే బోర్ మళ్లీ ప్రసంగించాడు. అదే సంవత్సరం నవంబరులో బోర్ మరణించాడు. 1969లో డెల్‌బ్రూక్, లూరియా, హెర్షీలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అది ఫేజ్ పరిశోధనలకు లోకం చేసిన సత్కారం. బూజు మాత్రం తన రహస్యాన్ని విప్పలేదు. 1977లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా ఆయన పరిశోధన ఆపలేదు. 1981 మార్చిలో, 74వ ఏట, క్యాన్సర్ వ్యాధితో పాసడీనాలో పరమపదించాడు. సుమారు మూడు దశాబ్దాల శ్రమ ఫలించలేదని, అంతటి మేధావి బూజు వెంటబడి దారి తప్పాడని అనుకొనే అవకాశం ఆనాడు ఉండినది.

కాలం వేరే తీర్పు ఇచ్చింది. డెల్‌బ్రూక్‌ను కాల్‌టెక్‌కు పిలిచిన బీడిల్ ఒకనాడు న్యూరోస్పోరా అనే మరొక బూజుపై పరిశోధించి నోబెల్ బహుమతి పొందాడు. ఆ న్యూరోస్పోరాలో వెలుగుకు స్పందించని ఉత్పరివర్తితానికి కారణమైన వైట్ కాలర్ అనే జన్యువును 1996లో వేరుచేశారు. దాని ప్రోటీన్ నీలికాంతిని గ్రహించే గ్రాహకమని 2002లో నిరూపితమైంది. 2006లో ఫైకోమైసిస్‌లోని మాడ్ జన్యువులలో మొదటిది బయటపడింది. అది వైట్ కాలర్ జన్యువుకు సోదరి వంటిది. ఆ తరహా ప్రోటీన్లు వెలుగును అందుకొనేది ఫ్లేవిన్ సాయంతోనే. డెల్‌బ్రూక్ బృందం మొగ్గిన మార్గం సరైనదేనని తేలింది. 2006 ఆయన శతజయంతి సంవత్సరం కావడం విశేషం.

ఆ గ్రాహకం పనిచేసే తీరు ఆశ్చర్యకరమైనది. ప్రోటీన్ మడతలలో ఒదిగి ఉన్న ఫ్లేవిన్‌పై నీలికాంతి పడగానే, ఫ్లేవిన్‌కూ ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లానికీ మధ్య కొత్త బంధం ఏర్పడుతుంది. దానితో ప్రోటీన్ ఆకృతి మారుతుంది. ఆకృతి మారిన ప్రోటీన్ డి.ఎన్.ఏ. మీద తగిన చోట పనికి పూనుకొని అక్కడి జన్యువులను మేల్కొలుపుతుంది. చీకటిలో ఆ బంధం క్రమంగా విడిపోతుంది. ప్రోటీన్ యథాస్థితికి వస్తుంది. కన్ను లేని బూజుకు చూపు ఇచ్చినది ఈ చిన్న మీటయే.

ప్రకృతిలోని ఇటువంటి మీటలను తీసి తాము కోరిన జన్యువులకు అమర్చడం సంశ్లేషిత జీవశాస్త్రంలో ఒక ముఖ్య శాఖ అయింది. పూర్వం జన్యువును మేల్కొలపడానికి ఏదో ఒక రసాయనాన్ని కణాలకు అందించేవారు. రసాయనం అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. ఒకసారి కలిపిన దానిని వెంటనే తొలగించడం కష్టం. వెలుగు అట్లా కాదు. కావలసిన చోట, కావలసిన క్షణంలో ప్రసరింపజేసి, అక్కర తీరగానే ఆపివేయవచ్చు. 2002లో మొక్కలలోని కాంతి గ్రాహకాన్ని ఈస్ట్ కణాలకు అమర్చి, ఎరుపు కాంతితో జన్యువును నడిపించి చూపారు. 2005లో కాంతి గ్రాహకాన్ని పొందిన బాక్టీరియాల పొరపై బొమ్మ నీడను ప్రసరింపజేయగా, చీకటి పడినచోట కణాలు నల్లని వర్ణకాన్ని తయారుచేసి ఆ బొమ్మను ఛాయాచిత్రంవలె ముద్రించాయి. 2012లో న్యూరోస్పోరాకే చెందిన వివిడ్ అనే ఫ్లేవిన్ ప్రోటీన్‌తో చైనా శాస్త్రజ్ఞులు ఒక మీటను నిర్మించారు. మధుమేహం గల ఎలుకలపై నీలికాంతిని ప్రసరింపజేసి వాటి దేహంలో ఇన్సులిన్ జన్యువును మేల్కొలిపారు. వాటి రక్తంలో చక్కెర తగ్గింది. నీలికాంతి శరీరపు లోతులకు చొచ్చుకొనిపోలేదు. కనుక ఈ విద్య మనుషుల చికిత్సకు ఉపకరించాలంటే ఎన్నో అవరోధాలను దాటవలసి ఉన్నది. అయినా మార్గం తెరుచుకొన్నది.

డెల్‌బ్రూక్ జీవితం రెండు అంచనాలను తలకిందులు చేసింది. కొత్త నియమం దొరుకుతుందని వెళ్లినచోట అది దొరకలేదు. కాని అణుజీవశాస్త్రం అనే కొత్త శాస్త్రమే ఉద్భవించింది. వృథా అయిందనుకొన్న బూజు పరిశోధన, ఆయన మరణించిన పాతిక సంవత్సరాల తరువాత సమాధానాన్ని పొందింది. బహుమతి తెచ్చిన కృషిని మాత్రమే గొప్పదని, సమాధానం రాని కృషిని వ్యర్థమని తలచడం పొరపాటు. సరైన ప్రశ్నను అడగడం, తన ఊహ తప్పయినప్పుడు ఒప్పుకోవడం, ఫలితం తన కళ్ల ముందే రావాలని పట్టుబట్టకపోవడం – ఇవి విజ్ఞానశాస్త్రానికి ఎంత అవసరమో జీవితానికీ అంతే అవసరం. చీకటిలో ఎదుగుతూ వెలుగు దిక్కును వెతుక్కొనే ఆ సన్నని కాడవలె ఆయన కూడా తన ప్రశ్నవైపే తుదివరకు నిలిచాడు. అదే ఆయన మనకు మిగిల్చిన ఆదర్శం.